తెరమీది మంచు, కాలికింది మంచు

పుష్యమాసంలో తెల్లవారుజామున టేకులపల్లి చుట్టుపట్ల అడవిదారిని నడిచేవారికి మంచు మూడు విధాల ఎదురవుతుంది. చెట్ల నడుమ పొగవలె నిలిచి దారి కనిపించకుండా చేసేది ఒకటి. టేకు ఆకుల మీద, గడ్డిపరకల మీద బొట్లు బొట్లుగా నిలిచేది మరొకటి. కప్పుకున్న దుప్పటిని తడిపి ఒంటికి చలి పుట్టించేది ఇంకొకటి. మూడింటికీ ఆ ఊరిలో ఒకటే పేరు: మంచు. సోడా దుకాణంలో రంపపు పొట్టు కప్పి అమ్మిన గడ్డ కూడా మంచుగడ్డయే. సినిమా తెరమీద హిమాలయ శిఖరాలు కనిపిస్తే అదీ మంచే. పొగమంచు, మంచుబిందువు, మంచుగడ్డ అని ముందో వెనుకో ఒక మాట చేర్చి పని గడుపుకుంటాము. సంస్కృతం నుండి వచ్చిన హిమం, తుషారం, నీహారం అనే పదాలు ఉన్నవి గాని, వాటిని కావ్యాలలో పర్యాయపదాలుగా వాడుకున్నారేగాని ఒక్కొక్క వస్తువుకు ఒక్కొక్క పేరుగా స్థిరపరచుకోలేదు.

ఇందులో భాషను నిందించవలసినది ఏమీ లేదు. ఆకాశం నుండి మంచు రాలని దేశంలో మంచుకు పది పేర్లు ఎందుకు పుడతాయి? అయితే మన పిల్లలు మంచుకొండలకు వెళ్లడం ప్రారంభమైన తరువాత ఈ పేదరికం ఒక లోపంగా పరిణమించింది. వారు అక్కడ చేసినదానిని చెప్పబోతే మనకు మాటలు చాలవు. మాటలు చాలనిచోట పొగడ్త వచ్చి కూర్చుంటుంది. ఈ సంగతిని రెండు చలనచిత్రాలను పక్కపక్కన పెట్టి చూస్తే చక్కగా బోధపడుతుంది. ఒకటి మన పిల్లల కథ, 2017లో వచ్చినది. మరొకటి 1931లో ఆస్ట్రియా కొండలలో తీసినది.

అడవి అంచు నుండి శిఖరానికి

2014 మే 25న నిజామాబాదు జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ ఎవరెస్టు శిఖరాన్ని చేరింది. అప్పటికి ఆమె వయస్సు 13 సంవత్సరాల 11 నెలలు. అంత చిన్న వయస్సులో ఆ శిఖరమెక్కిన బాలిక అంతకుముందు లేదు. ఆమెతోపాటు శిఖరం చేరిన రెండవవాడు సాధనపల్లి ఆనందకుమార్. అతనిది నాటి ఖమ్మం జిల్లాలో భద్రాచలానికి ఎగువన, గోదావరి ఆవలి ఒడ్డున ఉన్న చర్ల ప్రాంతం. టేకులపల్లివారికి అది పరాయి సీమ కాదు. అడవి ఒకటే, నది ఒకటే. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలల విద్యార్థులు. భువనగిరి కొండరాతి మీద పాకడం నేర్చుకున్నారు. తరువాత డార్జిలింగులోను, లడాఖు చలిలోను శిక్షణ పొందారు. టిబెట్టు వైపునుండి, అనగా ఉత్తరపు దారిన, శిఖరమెక్కారు.

ఈ కథను రాహుల్ బోస్ దర్శకత్వంలో హిందీలో ‘పూర్ణ’ అనే చిత్రంగా తీశారు. అది 2017 మార్చి 31న విడుదలయినది. పూర్ణ పాత్రను అదితి ఇనాందార్ ధరించింది. చిత్రం పేరు కింద ధైర్యానికి హద్దు లేదనే అర్థమిచ్చే ఒక ఉపశీర్షిక ఉన్నది. ఆ ఉపశీర్షికలోనే చిత్రం బలమూ ఉన్నది, బలహీనతా ఉన్నది.

బలం ముందు చెప్పుకోవడం న్యాయం. పేద గిరిజన కుటుంబంలోని ఒక బాలిక చదువు, ఆమె ఈడు పిల్లలకు ముంచుకొచ్చే బాల్యవివాహం, పాఠశాలలో పెట్టే తిండి, ఒక అధికారి పట్టుదల — వీటిని చిత్రం ఆర్భాటం లేకుండా, కన్నీటిని అమ్ముకోకుండా చూపింది. పల్లె పల్లెగా ఉన్నది; పిల్లలు పిల్లలుగా మాట్లాడుతారు. మన చిత్రాలలో ఇది తరచుగా దొరికేది కాదు. పూర్ణ కొండ ఎక్కక ముందు ఎక్కవలసి వచ్చిన కొండ ఏదో ప్రేక్షకునికి స్పష్టంగా తెలుస్తుంది.

కాని అసలు కొండ వచ్చేసరికి చిత్రం మాట మారుతుంది. పల్లెలో ప్రతి వస్తువును వివరంగా చూపిన కెమెరాకు మంచు ఒక తెల్లని నేపథ్యంగా మాత్రమే కనిపిస్తుంది. గాలి వీస్తుంది, ఊపిరి అందదు, కాళ్లు తడబడతవి. ఇవన్నీ నిజమే. అయితే ఆ పిల్లలు అడుగు పెట్టినది దేనిమీద? ఆ నేల నిన్న ఎట్లున్నది, నేడు ఎట్లు మారినది? ఎక్కడ ఇనుపముళ్ల జోడు పట్టు దొరికించుకుంటుంది, ఎక్కడ పెళుసుబారి జారుతుంది? నెలల తరబడి శిక్షణలో వారు నేర్చినది ముఖ్యంగా ఇదే గదా! చిత్రం చూసి బయటికి వచ్చినవానికి ఆ బాలిక గుండె నిబ్బరం తెలుస్తుంది. ఆమె విద్య తెలియదు. ధైర్యానికి హద్దు లేకపోవచ్చును. మంచు మోసే బరువుకు మాత్రం ఖచ్చితంగా హద్దు ఉన్నది.

మంచును చూడనేర్చిన కెమెరా

ఇక రెండవ చిత్రం. దాని జర్మను పేరుకు తెల్లని మత్తు అని అర్థం. దర్శకుడు ఆర్నల్డ్ ఫాంక్; భూగర్భశాస్త్రం చదివి, ఆ తరువాత కెమెరా చేతబట్టి కొండలెక్కినవాడు. కథ చెప్పుకోదగినంతది కాదు. పట్నం నుండి వచ్చిన ఒక యువతి ఆర్ల్‌బెర్గు కొండలలో స్కీలపై జారడం నేర్చుకుంటుంది. స్కీలు అంటే జోళ్ల అడుగున కట్టుకునే, మనిషి నిలువెత్తు ఉండే సన్నని పలకలు. నేర్పే గురువు హానెస్ ష్నైడర్. నిజ జీవితంలో కూడా ఆయన ఆ ప్రాంతపు ప్రసిద్ధ స్కీ గురువే. హాంబర్గు నుండి వచ్చిన ఇద్దరు వడ్రంగులు పుస్తకం చూసి స్కీ నేర్చుకోబోయి చిక్కులపాలవుతారు. చివరకు గురువు, శిష్యురాలు నక్కలవలె ముందు పారిపోగా పదుల సంఖ్యలో స్కీదారులు వేటకుక్కలవలె తరుముతారు. అంతే కథ.

మనుషుల విషయంలో ఇంత పలుచనైన చిత్రం మంచు విషయంలో ఎంతో చిక్కనైనది. ఆ కాలానికి జారుడుదారులను యంత్రాలతో చదును చేయడం లేదు. ఇప్పుడు స్కీ కేంద్రాలలో రాత్రిపూట గొలుసుచక్రాల యంత్రాలు వాలును దున్ని, అణచి, తెల్లవారేసరికి సిమెంటు నేలవలె సమం చేస్తవి. 1931లో అట్టిది లేదు. కురిసిన మంచు కురిసినట్లే, గాలి మార్చినది మార్చినట్లే ఉండేది. ఫాంక్ కెమెరా పక్కనుండి వచ్చే ఎండను ఆసరాగా చేసుకుని ఆ నేల తీరును పట్టుకున్నది. ఒకచోట స్కీ వెనుక పిండివలె మంచు లేస్తుంది. మరొకచోట గాలి చెక్కిన గీతలు ఇసుకతిన్నె మీది అలలవలె కనిపిస్తవి. నడిచిన జాడ లోతును బట్టి కింది పొర ఎంత గట్టిదో గ్రహించవచ్చును. చూడనేర్చినవానికి ఆ చిత్రం ఒక పాఠ్యగ్రంథం.

ఆ చిత్రంలోని వడ్రంగుల హాస్యంలో ఒక చురక కూడా ఉన్నది. ఫాంక్, ష్నైడర్ కలిసి 1925లోనే స్కీ విద్యపై ఒక గ్రంథం ప్రకటించారు. సినిమా పటాలను వరుసగా కత్తిరించి, ఒక్కొక్క మలుపులో శరీరం ఎట్లు కదులుతుందో అందులో చూపారు. అట్టివారే, పుస్తకాన్ని నమ్ముకుని వాలుమీదికి పోయినవారిని తమ చిత్రంలో నవ్వులపాలు చేశారు. పుస్తకం మలుపును చెప్పగలదు. నేడు ఈ వాలుమీద ఏ మంచు ఉన్నదో చెప్పలేదు.

ఒక వాలు, ఆరు నేలలు

ఏమిటి ఆ భేదాలు? రాలే మంచుపలుకు ఆరు మూలల స్ఫటికం. దాని ఆకారం మేఘంలోని ఉష్ణోగ్రతను, తేమను బట్టి ఉంటుందని జపానులో ఉకిచిరో నకయా ప్రయోగశాలలో కృత్రిమంగా మంచుపలుకులను పెంచి నిరూపించాడు. మొదటిదానిని ఆయన 1936లో తయారు చేశాడు. నేలమీద పడినది మొదలు ఆ స్ఫటికం మారడం ప్రారంభిస్తుంది. సున్నాకు పది డిగ్రీలు తక్కువ అంటే మనకు ఘోరమైన చలి. మంచుకు మాత్రం అది కరగడానికి పది డిగ్రీల దూరమే. ఎర్రగా కాలిన ఇనుమువలె అది ఎల్లప్పుడూ మార్పుకు సిద్ధంగా ఉంటుంది. పలుకులు ఒకదానికొకటి అతుక్కుంటవి. వానకాలంలో జాడీలోని ఉప్పు గడ్డకట్టినట్లే, గాలి, ఎండ, బరువు, రాత్రి చలి అనే నాలుగు చేతులు కలిసి దానిని రకరకాలుగా మలుస్తవి.

కొత్తగా చలిలో రాలిన మంచు ఘనమీటరు సుమారు 50 నుండి 100 కిలోగ్రాములు తూగుతుంది. అదే కొలత నీరు 1000 కిలోగ్రాములు. అనగా ఆ మంచులో అధికభాగం గాలియే. దానిని పిండిమంచు అనవచ్చును. గాలి కొట్టి అణచినది 300 నుండి 400 కిలోగ్రాముల వరకు తూగుతుంది. అది పలకలు పలకలుగా కడుతుంది గనుక పలకమంచు. పగటి ఎండకు పైపొర కరిగి రాత్రికి గడ్డకడితే పైన గట్టి పెచ్చు, లోపల మెత్తన, అది పెచ్చుమంచు. వసంతకాలంలో ఇట్లు పలుమార్లు కరిగి గడ్డకట్టగా పలుకులు గుండ్రనై బియ్యపు నూకలవలె అవుతవి, అది నూకమంచు. మధ్యాహ్నానికి అదే నీరుపట్టి జావమంచు అవుతుంది. ఇక కంటికి కనిపించనిది ఆరవది. నేల వెచ్చగా, పైగాలి మిక్కిలి చల్లగా ఉండి, మంచు మందంలో మీటరుకు పది డిగ్రీలకు మించిన తేడా ఏర్పడినప్పుడు, అడుగున ఉన్న పలుకులు ఆవిరై పైకిపోయి తిరిగి గడ్డకట్టి, ఒకదానికొకటి అంటని కోణాల రవ్వలవుతవి. చేతిలో పోసుకుంటే చక్కెరవలె జారుతుంది. అది చక్కెరమంచు.

ఈ పేర్లలో కష్టమైనది ఒక్కటీ లేదు. పిండి, పలక, పెచ్చు, నూక, జావ, చక్కెర — అన్నీ మన వంటింటివి, వాకిటివి. అనువాదపు భారం మోయని ఈ మాటలు ఉండగా తెరమీది వ్యాఖ్యానమైనా, పత్రికలోని వార్తయైనా ఒకే మంచుతో సరిపెట్టుకోవడం సోమరితనమే.

పలకమీది మనిషి

ఇట్టి నేలమీద స్కీదారు ఎట్లు జారుతాడు? ఇక్కడ మన పాఠ్యపుస్తకాల తరహా వివరణను కూడా ఒకమారు పరీక్షించవలసి ఉన్నది. బరువు ఒత్తిడికి మంచు కరిగి నీటిపొర ఏర్పడుతుంది గనుక స్కీలు, చక్రంలేని జారుడుబండ్లు జారుతవని తరతరాలుగా చెప్పుకుంటూ వచ్చారు. లెక్క వేసి చూడవచ్చును. ఒక్కొక్క స్కీ 180 సెంటీమీటర్ల పొడవు, 8 సెంటీమీటర్ల వెడల్పు అనుకుంటే రెండింటి వైశాల్యం 2880 చదరపు సెంటీమీటర్లు. 60 కిలోగ్రాముల మనిషి బరువు వాటిపై పరచుకుంటే చదరపు సెంటీమీటరుకు 21 గ్రాములు. వాతావరణపు ఒత్తిడిలో ఇది యాభయ్యవ వంతు. ఒక వాతావరణపు ఒత్తిడి మంచు కరిగే ఉష్ణోగ్రతను డిగ్రీలో వందవ వంతు కూడా తగ్గించజాలదు. అట్టప్పుడు అందులో యాభయ్యవ వంతు ఏమి చేయగలదు? అసలు కారణం రాపిడివేడి అని 1939లో బౌడెన్, హ్యూస్ అనే శాస్త్రజ్ఞులు చూపారు. పలక రాసుకుంటూ పోయేటప్పుడు పుట్టే వేడికి పలుకుల కొనలు కరిగి సన్నని తడి ఏర్పడుతుంది. అందువల్లనే మితిమీరిన చలిలో ఆ తడి చాలక మంచు ఇసుకవలె పట్టుకుంటుంది. జావమంచులో తడి ఎక్కువై పలకను పీల్చి పట్టుకుంటుంది.

అయితే ఆ 21 గ్రాముల లెక్క వృథా పోదు. అదే మనిషి ఒంటికాలి జోటిపై నిలిస్తే ఒత్తిడి దానికి పదింతలకు మించుతుంది. జోటితో నడుము లోతు దిగబడే పిండిమంచులో స్కీ తేలడానికి కారణం ఇదే. వరిమడి దమ్ములో పలక వేసుకుని నిలబడినవానికి ఈ సూత్రం చెప్పనక్కరలేదు.

చదును చేసిన దారిపై రాపిడి ఒకే తీరుగా ఉంటుంది. చదును చేయని వాలుమీద కష్టమంతా అది మారిపోవడంలో ఉన్నది. కొండ భుజం మీద గాలి ఊడ్చిన గట్టినేల. పది బారలు దిగగానే గాలిచాటున పోగుపడిన పిండి. ఎండతగిలే వైపు పెచ్చు. చెట్లనీడన మరల పిండి. తారురోడ్డు మీద వేగంగా వచ్చిన సైకిలు వాగు ఒడ్డున ఇసుకమేటలో దూరితే ఏమగును? చక్రం ఆగిపోవును, మనిషి ముందుకు పోవును. గట్టినేల నుండి లోతుమంచులోకి దిగిన స్కీదారుకు సరిగా అదే గతి. అన్నిటికన్న కఠినమైనది పెచ్చుమంచు. ఎండిన చెరువులో పైన నెర్రెలు విచ్చిన పెచ్చు, కింద బురద ఉన్నచోట నడిచినవారికి దాని స్వభావం తెలుసు. ఒక అడుగు మోస్తుంది. మరొక అడుగు మోయదు. స్కీ పెచ్చును విరుచుకుని లోపలికి పోతే, పెచ్చు కింద చిక్కిన పలకను పక్కకు తిప్పడం సాధ్యం కాదు. తిప్పబోయినవాని మోకాలు తిరుగుతుంది.

అనుభవజ్ఞులు చేసేది విచిత్రమైనదేమీ కాదు. చదునుదారిపై వలె ఒక కాలిపై బరువు మోపక రెండు కాళ్లకు సమంగా పంచుతారు. పాదాలను దగ్గరగా ఉంచి రెండు పలకలను ఒకే పలకవలె నడుపుతారు. దేహాన్ని ముందుకు గాని వెనుకకు గాని వాల్చక పాదాల నడుమ నిలుపుతారు. మోకాళ్లను బిగించక, నేల ఇచ్చే దెబ్బలను మింగనిస్తారు. మలుపు తొందరగా కాక నిదానంగా తీసుకుంటారు. పెచ్చు మరీ మొండిదైతే పలకలను పైకెత్తి, ఎగిరి తిరుగుతారు. లేదా పూర్తిగా ఆగి, నిలబడి దిశ మార్చుకుని అడ్డంగా పోతారు. అందంగా దిగలేకపోయినా క్షేమంగా దిగడమే అక్కడ విద్య. మనిషి కాళ్లు, కళ్లు, చెవులు మూడూ పనిచేస్తే తప్ప ఇది సాగదు. రంగు మెరిస్తే గట్టినేల, మాసినట్లుంటే మెత్తన. పాదం కింద మోత మారితే నేల మారినట్లు.

తెర చూపలేనిది

ఇక్కడనే ఫాంక్ చిత్రాన్ని కూడా నిలదీయవలసి ఉన్నది. దానిలో ఎక్కువ భాగం ఎండ కాస్తూనే ఉంటుంది. మబ్బు కమ్మినప్పుడు మంచుమీద నీడలు మాయమై ఎత్తుపల్లాలు కనిపించవు; పైకి పోతున్నామో కిందికి పోతున్నామో కూడ తెలియని స్థితి కలుగుతుంది. స్కీదారుకు అది నిత్యానుభవం. అట్టి వెలుతురులో కెమెరాకు దొరికేది తెల్లని శూన్యమే గనుక చిత్రకారుడు దానిని వదలివేశాడు. కెమెరాకు అనుకూలమైన మంచునే మనకు చూపాడు. పడినవారందరూ నవ్వుతూ లేస్తారు. తెల్లని మత్తు అన్న పేరు సార్థకమే; మత్తులో ప్రమాదం కనిపించదు గదా! పైగా చరిత్ర ఆ చిత్రానికి ఒక చేదు అనుబంధం చేర్చింది. శిష్యురాలి పాత్ర ధరించిన లేనీ రీఫెన్‌స్టాల్ తరువాత నాజీల ప్రచారచిత్రాలు తీసింది. గురువు ష్నైడర్‌ను 1938లో నాజీలు నిర్బంధించారు. 1939లో ఆయన అమెరికాకు తరలిపోయి అక్కడ స్కీ నేర్పాడు.

తెర చూపని ప్రమాదం చక్కెరమంచులో ఉన్నది. అడుగున అంటుకోని రవ్వలు, పైన గాలి కట్టిన బరువైన పలక. వాలు పెంకుటింటి కప్పు అంతగాని, కొంచెం నిటారుగా గాని — అనగా 30 నుండి 45 డిగ్రీలు — ఉన్నచోట ఒక మనిషి బరువు ఆ బలహీనపు పొరను కుప్పకూల్చవచ్చును. అప్పుడు పలక అంతా పగిలి, మనిషితో సహా జారుతుంది. కూలేముందు ఒక్కొక్కసారి పాదాల కింద ఊపిరి విడిచినట్లు బరువైన చప్పుడు వినబడుతుంది. ఆ చప్పుడు విని వెనుకకు మరలడం ధైర్యానికి సంబంధించిన విషయం కాదు, విద్యకు సంబంధించినది. పైకి అందంగా, నున్నగా, ఎవరూ తొక్కకుండా ఉన్న వాలే ఇట్టి మోసం చేస్తుంది. తెర అందమైనదని చూపేదీ అట్టి వాలునే.

ఇది మనకు దూరపు ముచ్చట కాదు. కాశ్మీరులోని గుల్మార్గులో తీగబండి 2005 నుండి మనుషులను అఫర్వట్ పర్వతం మీద సుమారు 3,980 మీటర్ల ఎత్తుకు చేరుస్తున్నది. అక్కడి వాలులలో అధికభాగం చదును చేయనివి. 2023 ఫిబ్రవరిలో ఆ పర్వతం మీద పలక జారి పోలండు దేశపు స్కీదారులు ఇద్దరు మరణించారు. 2016 ఫిబ్రవరి 3న సియాచెన్ హిమనదం మీద పదిమంది సైనికులు మంచుపాలయ్యారు. వారిలో కర్నూలు జిల్లా యువకుడు ఒకడు. మంచు ఎప్పుడు జారునో ముందుగా కనిపెట్టుటకు మనాలిలో 1969లోనే ఒక పరిశోధనాసంస్థ ఏర్పడి, 2020 నుండి రక్షణశాఖ పరిశోధనా విభాగంలో మరొక పేరుతో పనిచేస్తున్నది.

అదేవిధంగా 2014 ఏప్రిల్ 18న, పూర్ణ, ఆనంద్ శిఖరమెక్కడానికి నెలరోజుల ముందు, ఎవరెస్టు దక్షిణపు దారిలో పదహారుమంది నేపాలీ పనివారు మరణించారు. అక్కడ కూలినది కొత్తగా కురిసిన మంచు కాదు. హిమనదం అంచున వేలాడే గట్టి గడ్డ విరిగిపడినది. పలక జారడం వేరు, గడ్డ విరగడం వేరు. మొదటిదానిని చాలవరకు పొరలు తవ్వి చూసి, వాతావరణం గమనించి ఊహించవచ్చును. రెండవదాని విషయంలో చేయగలిగినది దాని కింద వీలైనంత తక్కువసేపు ఉండటమే. మన పత్రికలు రెండింటికీ మంచుచరియలు విరిగిపడ్డవని ఒకే వాక్యం వాడుతవి. ఇట్టి వార్త చదివిన తల్లిదండ్రులకు తమ బిడ్డ ఏ ప్రమాదం దగ్గర ఉన్నాడో, ఏ ప్రమాదానికి దూరంగా ఉన్నాడో ఎట్లు తెలియును?

కొరత ఎక్కడ?

రెండు చిత్రాలను తూచి చూస్తే ఫలితం ఇట్లున్నది. ఫాంక్‌కు మంచు తెలుసు, మనిషి అక్కరలేదు. రాహుల్ బోస్‌కు మనిషి తెలుసు, మంచు అక్కరలేదు. మొదటి లోపం కళకు సంబంధించినది. ఆ చిత్రం చూసి ఎవరికీ కీడు జరగదు, విసుగు పుట్టవచ్చును. రెండవ లోపం మాత్రం విద్యకు సంబంధించినది. పేదపిల్ల గొప్ప పని చేసినప్పుడు దానిని పట్టుదలగా, గుండెబలంగా చెప్పడం లోకానికి అలవాటు. సంపన్నుల బిడ్డ అదే పని చేస్తే నైపుణ్యమని, శిక్షణ అని, విజ్ఞానమని పేర్లు పెడతారు. పూర్ణ పట్ల అభిమానంతో తీసిన చిత్రం కూడా తెలియకుండానే ఈ అలవాటులో పడినది. ఆమె గుండె బలానికి నీరాజనమిచ్చి, ఆమె తెలివికి ఇవ్వవలసిన చోటు ఇవ్వలేదు. ఆ బాలిక అక్కడితో ఆగలేదని కూడా గమనింపదగును. ఏడు ఖండాల శిఖరాలను వరుసగా ఎక్కి, 2022 జూన్‌లో అలాస్కాలోని డెనాలితో ఆ పని ముగించింది. డెనాలి దారిలో మోతగాండ్రు ఉండరు. బరువులను మంచుబండ్లపై స్వయంగా లాగుకుంటూ, దిగబడకుండా మంచుజోళ్లు గాని స్కీలు గాని తొడుక్కుని, హిమనదపు నెర్రెలను తప్పించుకుంటూ పోవలసి ఉంటుంది. గుండె నిబ్బరం ఒక్కటే ఉన్నవారు ఆ దారిన పోయి తిరిగి రావడం కష్టం.

టేకులపల్లి, చర్ల ప్రాంతాల పిల్లలకు ఈ కథ ఎట్లు చెప్పవలెను? మీకు ధైర్యమున్నది, మీరూ ఎక్కగలరు అని చెప్పితే అది సగం మాట. నేలను చదవడం వారికి కొత్త విద్య కాదు. ఏ వాగు ఏ రోజు దాటవచ్చునో, ఏ చెరువుమట్టి పశువును మోయునో, రాలిన ఆకుల కింద ఏమి ఉండునో అడవి అంచున పెరిగినవాడు చిన్నతనం నుండే చూసి నేర్చుకుంటాడు. చదును చేయని వాలుమీద కావలసిన చూపు అటువంటిదే. దానికి మంచు భౌతికశాస్త్రం తోడైతే చాలును. ఆ శాస్త్రమూ కఠినమైనది కాదు. ఉప్పుజాడీ, చెరువుపెచ్చు, దమ్ముమడి తెలిసినవానికి సగం వచ్చినట్లే.

‘పూర్ణ’ చూడదగిన చిత్రం; పాఠశాలలలో చూపదగినది. అయితే చూపిన ఉపాధ్యాయుడు చిత్రం ముగిసిన తరువాత ఒక ప్రశ్న వేయడం అవసరం: ఆమె కాలికింద ఏమున్నది? ధైర్యం అని జవాబు వస్తే పాఠం ఇంకా పూర్తి కాలేదని గ్రహించవలెను. పలకమంచు, పెచ్చుమంచు, దాని కింద చక్కెర అని పిల్లవాడు వివరించిననాడు ఆ చిత్రం చెప్పక వదలిన సగం కథ పూర్తి అవుతుంది. ముందుముందు మన పిల్లల కథను తెరకెక్కించబోయేవారు ఆ సగాన్ని కూడా తామే చెప్పుదురని ఆశింపదగును.